దుబాసీని నమ్మొచ్చా?

కంపెనీ రోజుల్లో మద్రాసులో దుబాసీ అంటే చిన్న ఉద్యోగం కాదు. దొరకి తెలుగూ రాదు, తమిళమూ రాదు. సరుకు అమ్మేవాడికి ఇంగ్లీషు రాదు. మధ్యలో రెండు భాషలూ తెలిసిన మనిషి ఒకడు నిలబడి ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరవేస్తాడు. రెండు భాషలవాడని అతని పేరులోనే ఉంది. అతని బలమంతా ఒక్కచోటే ఉంది: మాట సరిగ్గా చేరిందో లేదో తేల్చే శక్తి ఆ ఇద్దరిలో ఎవరికీ లేదు. 1812లో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ పెట్టి, సీమ నుంచి కొత్తగా దిగిన కుర్ర దొరలకి ఇక్కడి భాషలు నేర్పడం మొదలుపెట్టారు. పాలనకి భాష కావాలన్నది ఒక కారణం. ప్రతిదానికీ దుబాసీ మొహం చూడాల్సిన అవసరం తగ్గాలన్నది ఇంకోటి. మన సి. పి. బ్రౌన్ ఆ కాలేజీ పరీక్షలు గట్టెక్కి కడప వెళ్లినవాడే.

కంప్యూటర్లలో ఇంటర్‌ప్రెటర్ అనేదానికి తెలుగులో దుబాసీ కంటే మంచి మాట నాకు తట్టలేదు. కంపైలర్ అనువాదకుడి లాంటిది. పుస్తకం మొత్తం తీసుకెళ్లి, యంత్రభాషలోకి మార్చి, మన చేతిలో పెట్టి వెళ్లిపోతుంది. ఆ తర్వాత దానితో పని లేదు. ఇంటర్‌ప్రెటర్ అలా కాదు. పక్కనే నిలబడి ఒక్కో వాక్యం చదువుతూ, అప్పటికప్పుడు యంత్రం చేత చేయిస్తూ ఉంటుంది. ప్రోగ్రామ్ నడిచినంతసేపూ అదీ ఉండాల్సిందే.

కొన్నాళ్లుగా సాయంత్రాలు నేను ఇలాంటి దుబాసీ ఒకదాన్ని సీ భాషలో కడుతున్నాను. తెలుగు మాటలతో రాసుకోగలిగే బుల్లి ప్రోగ్రామింగ్ భాష అది. పేరింకా పెట్టలేదు. సాయానికి ఏఐని పెట్టుకున్నాను. అంటే దుబాసీని తయారుచెయ్యడానికి ఇంకో దుబాసీ అన్నమాట. నాకు వచ్చిన సందేహం కొత్తదేమీ కాదనీ, డెబ్భై ఏళ్లుగా రూపం మార్చుకుంటూ వస్తోందనీ చరిత్ర తిరగేస్తుంటే తెలిసింది. ఆ సందేహం ఇది: మధ్యవాడు చెప్పింది సరిగ్గా ఉందో లేదో చూసుకునే మనిషి ఎవరు?

*

1940ల చివర్లో కంప్యూటర్‌కి ఏం చెప్పాలన్నా అంకెల్లోనే చెప్పాలి. ఫలానా గదిలో ఉన్న సంఖ్య తియ్యి, ఫలానా దానికి కలుపు, ఫలానా చోట పెట్టు. ఒక చిన్న సమీకరణానికి పేజీలకి పేజీలు. 1949లో జాన్ మాక్లీ ఆలోచనతో షార్ట్ కోడ్ అనేది వచ్చింది. సమీకరణాన్ని కొంచెం సమీకరణంలా రాసుకోవచ్చు. యంత్రం లోపల ఒక చిన్న ప్రోగ్రామ్ దాన్ని గుర్తు తర్వాత గుర్తు చదువుకుంటూ పని చేసుకుపోతుంది. 1953లో ఐబీఎమ్‌లో జాన్ బేకస్ బృందం 701 యంత్రానికి స్పీడ్‌కోడింగ్ చేసింది. అదీ ఇంటర్‌ప్రెటరే. పేరులో స్పీడు ఉంది కానీ ఆ వేగం రాసేవాడిది, యంత్రానిది కాదు. నడవడంలో అది చాలా నిదానం.

ఆ నిదానాన్ని జనం ఎందుకు భరించారో చూస్తే సరదాగా ఉంటుంది. దశాంశ బిందువున్న సంఖ్యల లెక్కలు చేసే సర్క్యూట్లు అప్పటి యంత్రాల్లో లేవు. ఆ లెక్కల్ని సాఫ్ట్‌వేర్‌తో చేయించేవాళ్లు. యంత్రం సమయంలో ఎక్కువ భాగం వాటికే పోయేది కాబట్టి, మధ్యలో దుబాసీ తినే సమయం అందులో కలిసిపోయి కనపడేది కాదు. తర్వాత వచ్చిన ఐబీఎమ్ 704లో ఆ సర్క్యూట్లు హార్డ్‌వేర్‌లోనే పెట్టేశారు. లెక్కలు ఒక్కసారిగా వేగమయ్యాయి. దానితో దుబాసీ సోమరితనం బయటపడిపోయింది. ఇక అనువాదకుడు కావాల్సి వచ్చాడు. అలా 1957లో ఫోర్ట్రాన్ కంపైలర్ వచ్చింది. దాన్ని కట్టడానికి పద్ధెనిమిది మంది ఒక ఏడాది పనిచేసినంత శ్రమ పట్టిందంటారు. మనిషి చేత్తో రాసిన యంత్రభాషకి దీటుగా నడవకపోతే దాన్నెవరూ ముట్టుకోరని బేకస్‌కి తెలుసు.

ముట్టుకోకపోవడానికి వేగం ఒక్కటే కారణం కాదు. యంత్రభాష తెలిసినవాళ్లకి అదొక మడి. ఆ రోజుల్లో ప్రోగ్రామర్లు తమనొక పూజారివర్గంలా భావించుకునేవాళ్లనీ, మామూలు జనానికి కూడా ఈ పని అందుబాటులోకి తెస్తామనే ఆలోచనని వింతగా చూసేవాళ్లనీ బేకస్ తర్వాత రాశాడు. గ్రేస్ హాపర్‌ది ఇంకో కథ. 1952 నాటికే ఆమె ఎ-జీరో అనే కంపైలర్‌ని నడిపించింది. కంప్యూటర్ అంకెల లెక్కలే చేస్తుంది కానీ ప్రోగ్రాములెలా రాస్తుందని, పనిచేస్తున్నదాన్ని కళ్లముందు పెట్టినా ఎవరూ నమ్మలేదని ఆమె చెప్పుకునేది.

వీటన్నిటినీ కలిపి ఆ రోజుల్లో పిలిచిన పేరు ఏమిటంటే, ఆటోమేటిక్ ప్రోగ్రామింగ్. ప్రోగ్రాములు వాటంతటవే రాసుకోవడం! ఇప్పుడు మనం ఏఐ గురించి అంటున్న మాటే. 1985లో డేవిడ్ పార్నాస్ దీనిమీద ఒక చురక వేశాడు. ఆ పేరుతో పిలిచిందంతా ఎప్పుడూ, అప్పటికి ప్రోగ్రామర్లకి అందుబాటులో ఉన్న భాషకంటే ఒక మెట్టు పై భాషలో ప్రోగ్రాములు రాయడమే తప్ప వేరే ఏమీ కాదని అతని అభిప్రాయం. ఇప్పటి ఏఐ కూడా ఇంకో మెట్టేనా? అవునని చాలామంది అంటారు. నాకు పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాలేదు. ఎందుకో చెప్పాలంటే ముందు ఇంకో ఇద్దరి దగ్గరికి వెళ్లాలి.

*

మొదటాయన జాన్ మకార్తీ. 1950ల చివర్లో ఎమ్‌ఐటీలో లిస్ప్ అనే భాష రూపుదిద్దుతున్నాడు. ఎంత తక్కువ సరుకుతో ఒక భాష నిలబడగలదో గణితంగా చూపించడం అతని సరదా. అందులో భాగంగా, ఆ భాషలో ఏ వాక్యమిచ్చినా దాని విలువ చెప్పే ఇవాల్ అనే ఫంక్షన్‌ని అదే భాషలో రాశాడు. పేజీడు కూడా లేదది. కాగితం మీద చూపించడానికి రాసింది, నడపడానికి కాదు. అతని దగ్గర పనిచేస్తున్న స్టీవ్ రసెల్ అది చదివి, దీన్ని యంత్రభాషలోకి దింపేస్తే ఇంటర్‌ప్రెటర్ వచ్చేసినట్టే కదా అన్నాడు. నువ్వు సిద్ధాంతానికీ ఆచరణకీ ముడిపెడుతున్నావని మకార్తీ కొట్టిపారేశాడు. రసెల్ వినలేదు. ఆ ఫంక్షన్‌ని చేత్తో 704 సంకేతాలుగా మార్చి కూర్చాడు. అది నడిచింది. మకార్తీ వ్యాసం 1960 ఏప్రిల్‌లో అచ్చయింది.

ఈ కథ చెప్పేవాళ్లందరూ రసెల్ తెగువ గురించి చెప్తారు. నాకు ఇందులో ఇంకోటి ముఖ్యం. రసెల్ చేసింది సరైందో కాదో తేల్చుకోవడానికి పక్కనే మకార్తీ పేజీ ఉంది. భాష అర్థమేమిటో అది చెప్తుంది. ఆ అర్థాన్ని యంత్రం చేత చేయించే పని రసెల్‌ది. తేడా వస్తే పేజీదే పైమాట. దుబాసీ పక్కన రాతపూర్వకమైన ఒప్పందం ఉన్నట్టు.

రెండో ఆయన మళ్లీ బేకస్సే. ఫోర్ట్రాన్ అయ్యాక, 1959లో అల్గోల్ అనే భాషని వర్ణించడానికి ఒక పద్ధతి ప్రతిపాదించాడు. వాక్యమంటే ఇది, దానిలోని భాగాలు ఇవి, ఆ భాగాల్లో భాగాలు ఇవి అని ఒకదానిలోంచి ఇంకోటి తీసే సూత్రాల పట్టిక. పీటర్ నౌర్ దాన్ని చక్కదిద్ది అల్గోల్ 60 నివేదికలో వాడాడు. ఇద్దరి పేరుమీదా అది బేకస్-నౌర్ రూపమైంది. 1967లో ఇంగర్‌మన్ అనే ఆయన కంప్యూటర్ వాళ్ల పత్రికకి ఒక చిన్న ఉత్తరం రాశాడు: ఇలాంటి పద్ధతి ఎన్నో శతాబ్దాల కిందటే పాణిని వాడాడు, కాబట్టి దీన్ని పాణిని-బేకస్ రూపం అంటే న్యాయంగా ఉంటుందని. పేరు మారలేదు కానీ మాటలో నిజముంది. బాలవ్యాకరణం చదువుకున్న ఎవరికైనా సూత్రం అంటే ఏమిటో తెలుసు. తక్కువ మాటల్లో, ఏ సందర్భానికి ఏ రూపమో తేల్చి చెప్పేది.

మనకి పాణిని ఉన్నాడని చంకలు గుద్దుకోవడం వేరు, మన వాక్యాన్ని యంత్రానికి నేర్పడం వేరు. నా బుల్లి భాషలో ఇది మొదటి చిక్కు. ఇంగ్లీషు ఆధారంగా పుట్టిన భాషల్లో షరతు చెప్పే మాట వాక్యానికి మొదట్లోనే వస్తుంది. మొదటి మాట చూడగానే ఇది షరతు వాక్యమా, మళ్లీ మళ్లీ చేసే పనా అన్నది పార్సర్‌కి తెలిసిపోతుంది. పుస్తకాల్లో నేర్పే తేలికైన పద్ధతి దీనిమీదే ఆధారపడి ఉంటుంది. మనకలా కాదు. వయసు 18 కంటే ఎక్కువ అయితే, అంటాం. ఆ 'అయితే' చివర వస్తుంది. డబ్బులున్నంతసేపు, అంటాం. అదీ చివరే. వయసు చూపు, అంటాం. క్రియ చివరే. కాబట్టి నా పార్సర్ ముందు లెక్క మొత్తం చదివేసి చేతిలో పట్టుకుని, ఆ తర్వాత వచ్చే మాటని బట్టి ఇదేం వాక్యమో నిర్ణయించుకోవాలి. నిజానికి ఇది కష్టమేం కాదు. ఇంకా శుభ్రంగా ఉంటుంది కూడా, అన్ని వాక్యాలూ ఒకేలా మొదలవుతాయి కాబట్టి. కానీ ఏఐకి ఇది మింగుడుపడలేదు. 'అయితే' తర్వాతే వస్తుందని వివరంగా రాసిచ్చినా, నాలుగు ఫైళ్లు దాటేసరికి అది మళ్లీ ముందుకి వచ్చి కూర్చునేది. అది చదువుకున్న లక్షల ప్రోగ్రాముల్లో షరతు ముందే ఉంది మరి. తెలుగు మాటలు పెట్టుకున్న ఇంగ్లీషు వాక్యం తయారవుతోంది. అనువాద సాహిత్యం చదివేవాళ్లకి ఈ రకం తెలుగు పరిచయమే.

*

ఇక సీ సంగతి. వేగం కావాల్సినచోట వాడే భాషగా దానికి పేరు. కానీ దాని వంశవృక్షంలో ఒక దుబాసీ ఉంది. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ చేసిన బి అనే భాష సీకి తల్లి. పీడీపీ-7 అనే చిన్న యంత్రం మీద ఆ బి కంపైలర్ నేరుగా యంత్రభాష రాసేది కాదు. వరసగా చిన్న చిన్న ముక్కల్ని పిలుస్తూ పోయే ఒక రకమైన మధ్యరూపాన్ని తయారుచేసేది. అంటే సగం దుబాసీ. అది నెమ్మదిగా ఉందన్నది, బైట్లని సరిగ్గా పట్టుకోలేకపోతోందన్నది డెనిస్ రిచీ దాన్ని మార్చి సీని తయారుచెయ్యడానికి ఉన్న కారణాల్లో ముఖ్యమైనవి. 1973 నాటికి యూనిక్స్ కెర్నెల్‌నే సీలో తిరగరాశారు. ఆ తర్వాత కథ తలకిందులైంది. దుబాసీతనం వదిలించుకుని పుట్టిన సీ, మిగతా దుబాసీలన్నిటికీ పుట్టిల్లయింది. 1989 క్రిస్మస్ సెలవుల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో గిడో వాన్ రోసమ్ మొదలుపెట్టిన పైథాన్ సీలోనే ఉంది. 1993లో బ్రెజిల్‌లో, రియోలోని యూనివర్సిటీలో పుట్టిన లూవా సీలోనే ఉంది. రూబీ కూడా అంతే.

ఇంటర్‌ప్రెటర్ రాయడంలో యంత్రం సాయం తీసుకోవడం కూడా బెల్ ల్యాబ్స్‌లో పాత పనే. 1970ల్లో స్టీఫెన్ జాన్సన్ యాక్ అనే పరికరం చేశాడు. వ్యాకరణ సూత్రాలు రాసిస్తే చాలు, వాటిని చదివే సీ ప్రోగ్రామ్‌ని అదే రాసిపెడుతుంది. 1984లో బ్రయన్ కెర్నిహన్, రాబ్ పైక్ కలిసి రాసిన యూనిక్స్ పుస్తకంలో హాక్ అనే చిన్న భాషని ఆరు అంచెల్లో కడతారు. మొదట నాలుగు లెక్కలు చేసే కాలిక్యులేటర్, చివరికి ఫంక్షన్లతో సహా ఒక పూర్తి భాష. యాక్‌తోనే కడతారు. యాక్ రాసిన ఆ సీ ప్రోగ్రామ్ తెరిచి చూస్తే అంకెల పట్టికలు తప్ప ఏమీ కనపడవు. మనిషి చదివేందుకు రాసింది కాదది. అయినా ఎవరూ భయపడలేదు. ఎందుకంటే ఎవరూ దాన్ని చదవక్కర్లేదు. సూత్రాలు చదివితే చాలు. అవే సూత్రాలు ఇస్తే ఈరోజూ రేపూ అదే ప్రోగ్రామ్ వస్తుంది. సూత్రాల్లో తిరకాసు ఉంటే యాక్ మొహమాటం లేకుండా చెప్తుంది, ఇక్కడ రెండు అర్థాలొస్తున్నాయని.

పార్నాస్ మాటని నేను పూర్తిగా ఒప్పుకోలేకపోయింది ఇక్కడే. ఫోర్ట్రాన్, యాక్, లిస్ప్: ఇవన్నీ మెట్లే. ప్రతి మెట్టు దగ్గరా కింద ఉన్నది చదవడం మానేశాం. మానెయ్యగలిగాం, ఎందుకంటే పైన మనం రాసింది తిరుగులేని పాఠం. ఏఐకి నేను రాసిచ్చేది అలాంటి పాఠం కాదు. అది మామూలు మాట. అందులో ఎన్ని అర్థాలున్నాయో నాకే తెలీదు. అది తనకి నచ్చిన ఒక అర్థం తీసుకుంటుంది, ఏది తీసుకుందో చెప్పదు. రేపు అదే మాట చెప్తే ఇంకో ప్రోగ్రామ్ రాస్తుంది. యాక్ రాసిన సీ చూడ్డానికే భయంగా ఉంటుంది, కానీ నమ్మొచ్చు. ఏఐ రాసిన సీ చూడముచ్చటగా ఉంటుంది. మంచి పేర్లు, పద్ధతైన వ్యాఖ్యలు, పొందికైన వరసలు. చదవాల్సింది దాన్నే.

*

చదివితే ఏం దొరుకుతుందో రెండు ఉదాహరణలు.

సీలో ఒక క్యారెక్టర్ అంటే ఒక బైట్. తెలుగు 'క' యూనికోడ్‌లో 3093వ సంఖ్య. ఫైల్లో అది మూడు బైట్లుగా కూర్చుంటుంది: 224, 176, 149. మనకి ఒక్క అక్షరంలా కనిపించే 'క్ష'లో క, పొల్లు, ష మూడూ విడివిడిగా ఉంటాయి, మొత్తం తొమ్మిది బైట్లు. చాలా కంప్యూటర్లలో సీ ఈ బైటుని రుణసంఖ్యలు కూడా ఉన్న లెక్కలో చదువుతుంది కాబట్టి 224 కాస్తా మైనస్ 32 అవుతుంది. ఇది అక్షరమా కాదా అని అడిగే లైబ్రరీ ఫంక్షన్‌కి అలాంటి రుణసంఖ్య ఇస్తే ఏమవుతుందో సీ ప్రమాణం చెప్పదు. ఏమైనా కావచ్చు. ఏఐ రాసిన మొదటి రూపంలో సరిగ్గా ఇదే ఉంది. ఇంగ్లీషు పేర్లకి అది చక్కగా పనిచేస్తుంది. తెలుగు సంగతి గుర్తుచేశాక యూనికోడ్ ప్రకారం అక్షరాలని పోల్చుకునే రెండో రూపం ఇచ్చింది. అందులో ఇంకో తమాషా. యూనికోడ్ వర్గీకరణలో గుణింతపు గుర్తులు, పొల్లు అక్షరాలు కావు, అక్షరానికి తగిలించే గుర్తులు. అందుకని 'చూపు' అనే మాటలో 'చ' దగ్గరే పేరు అయిపోయిందనుకుని ఆగిపోతుంది. చివరికి మందు చాలా చిన్నది: 128, ఆపైన ఉన్న ప్రతి బైటూ పేరులో భాగమే అనుకోవడం. ఇలా అనుకోవడం కుదిరేలా, పాత ఇంగ్లీషు గుర్తులతో ఎక్కడా కలవకుండా ఆ బైట్ల పద్ధతిని 1992లో రూపొందించింది కూడా థాంప్సన్, పైక్‌లే. న్యూజెర్సీలో ఒక భోజనశాలలో, బల్లమీది కాగితం మీద.

రెండోది చెత్త ఎత్తే పని. ప్రోగ్రామ్ నడుస్తున్నంతసేపూ కొత్త విలువలు పుడుతుంటాయి, మెమరీ నిండుతుంటుంది. ఎవరికీ అక్కర్లేనివి కనిపెట్టి ఖాళీ చెయ్యాలి. ఇదీ మకార్తీ 1960 వ్యాసంలో ఉన్న ఆలోచనే. అందుబాటులో ఉన్నవాటికి గుర్తుపెట్టు, గుర్తులేనివి ఊడ్చెయ్. సీలో దీన్ని మనమే రాసుకోవాలి. రెండు మాటల్ని కలిపి ఒకటి చేసే చోట ఏఐ రాసిన వరస ఇలా ఉంది: రెండు మాటల్నీ స్టాక్ మీంచి తియ్యి, కొత్తదానికి చోటు అడుగు, అందులోకి ఎక్కించు. చదివితే తప్పేం కనపడదు. కానీ చోటు అడిగిన ఆ క్షణంలోనే మెమరీ నిండి ఊడ్చేవాడు వస్తే? ఆ రెండు మాటలూ స్టాక్ మీద లేవు. ఎవరివీ కావనుకుని పారేస్తాడు. తర్వాత ఎక్కించేది చెత్త. వేలసార్లు సరిగ్గా నడిచి, ఎప్పుడో ఒకసారి కూలుతుంది. ఇలాంటివి పట్టుకోవడానికి పాత చిట్కా ఒకటుంది: చోటు అడిగిన ప్రతిసారీ ఊడ్చేవాడిని పిలిచే ఏర్పాటు పెట్టి నడపడం. ప్రోగ్రామ్ నత్తలా నడుస్తుంది కానీ దాగున్నది మొదటి నిమిషంలోనే బయటపడుతుంది. మందు ఇక్కడా చిన్నదే, కలపడం పూర్తయ్యేదాకా ఆ రెంటినీ స్టాక్ మీదే ఉంచడం. రాబర్ట్ నిస్ట్రమ్ 2021లో అచ్చువేసిన ఇంటర్‌ప్రెటర్ల పుస్తకంలో ఈ గండం గురించి వివరంగా ఉంది. ఆ పుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. అది చదివినవాళ్లు ఈ వరస దగ్గర ఆగుతారు. చదవనివాళ్లు ముందుకి వెళ్లిపోతారు.

నాకు బెంగ ఇక్కడ. ఏఐ వల్ల పని ఎంత తొందరగా అయిందో నేను దాచను. నెల పట్టేది వారంలో అయింది. కానీ ఎక్కడ ఆగి చూడాలో తెలియడం, ఇదివరకు ఇలాంటివి చేత్తో రాసిన అనుభవంలోంచి వస్తుంది. రేపు ఈ పని నేర్చుకునే పిల్లలకి చేత్తో రాయాల్సిన అవసరమే లేకపోతే, ఆగాల్సిన చోటు ఎవరు నేర్పుతారు? 1812 నాటి కాలేజీ లేకుండా దుబాసీలు మాత్రమే మిగిలినట్టు అవుతుంది.

*

థాంప్సన్‌ని ఇంకొక్కసారి తలుచుకోవాలి. ట్యూరింగ్ బహుమతి తీసుకున్నప్పుడు చేసిన ఉపన్యాసంలో, 1984లో అది అచ్చయింది, అతను ఒక దుర్మార్గపు దుబాసీని వర్ణించాడు. సీ కంపైలర్‌లో ఒక దొంగతనం పెడతాడు: లాగిన్ ప్రోగ్రామ్‌ని కంపైల్ చేస్తున్నప్పుడు గుర్తుపట్టి, అందులో తనకి మాత్రమే తెలిసిన దొంగదారి చేర్చడం. కంపైలర్ పాఠం చదివితే దొరికిపోతుంది కదా? అందుకని రెండో దొంగతనం: కంపైలర్ తననే కంపైల్ చేసుకుంటున్నప్పుడు కూడా గుర్తుపట్టి, ఈ రెంటినీ మళ్లీ చేర్చడం. ఇక పాఠంలోంచి ఆ వాక్యాలు తీసేసినా దొంగతనం తరతరాలుగా సాగిపోతుంది. పాఠం శుభ్రంగానే ఉంటుంది. ఎంత చదివినా దొరకదు. నువ్వు మొత్తంగా సృష్టించని దేన్నీ నమ్మలేవన్నది అతను తేల్చిన మాట.

ఇది విని చేతులెత్తెయ్యాలా? ఇరవయ్యేళ్ల తర్వాత డేవిడ్ వీలర్ దీనికొక జవాబు చూపించాడు. మొదటిదానితో సంబంధం లేని ఇంకో కంపైలర్ తీసుకో. అనుమానమున్న కంపైలర్ పాఠాన్ని దానితో కంపైల్ చెయ్. వచ్చినదానితో అదే పాఠాన్ని మళ్లీ ఒకసారి. చివరికి వచ్చింది మొదటి కంపైలర్‌తో బైటు బైటుకీ సరిపోతే పాఠంలో ఉన్నదే అందులో ఉంది. సరిపోకపోతే అడగాల్సింది ఉంది. రెండోది పూర్తిగా నమ్మకస్తురాలు కానక్కర్లేదు, వేగంగా ఉండనక్కర్లేదు. మొదటిదానితో కుమ్మక్కు కాకుండా ఉంటే చాలు.

ఈ ఆలోచన నాకు బాగా పనికొచ్చింది. నా భాషకి ఇప్పుడు ఇద్దరు దుబాసీలున్నారు. ఒకటి నేను ఏఐ ముఖం చూడకుండా చేత్తో రాసింది. వాక్యాన్ని చెట్టులా విడదీసి, ఆ చెట్టు ఎక్కుతూ దిగుతూ లెక్క చెప్తుంది. మహా నెమ్మది, కానీ అందులో ప్రతి వరసా ఎందుకుందో నేను చెప్పగలను. రెండోది ఏఐతో కట్టింది. బైట్‌కోడ్‌గా మార్చి పరిగెడుతుంది. ఏ ప్రోగ్రామైనా రెంటికీ ఇస్తాను. జవాబులు కలిస్తే ముందుకి. కలవకపోతే రెండూ తెరిచి చదువుతాను. రసెల్ పక్కన మకార్తీ పేజీ ఉన్నట్టు, పరిగెత్తేదాని పక్కన ఈ నెమ్మదిది ఉంటుంది.

ఈమధ్య ఒకచోట రెండూ కలవలేదు. మైనస్ 7ని 2తో భాగిస్తే నేను రాసింది మైనస్ 4, శేషం 1 అంది. ఏఐతో కట్టింది మైనస్ 3, శేషం మైనస్ 1 అంది. రెండూ నిజమే. సీలో ఇది ఎలా ఉండాలన్నది చాలాకాలం కంపైలర్ రాసేవాళ్ల ఇష్టానికి వదిలేశారు. 1999 ప్రమాణంలో సున్నావైపు జరపాలని తేల్చారు. ఏఐ దాన్నే పట్టుకుంది. పైథాన్ రెండో దారిలో వెళ్తుంది, నేను రాసుకున్నదీ అదే. వెనక్కి వారాలు లెక్కపెట్టేటప్పుడు శేషం రుణసంఖ్య అయితే అది ఏ వారమో చెప్పలేం కదా అన్నది నా ఆలోచన.

ఏది సరైందని ఏఐని అడిగితే రెండువైపులా వాదన చక్కగా వినిపించింది. అందులో నాకు తెలియని విషయాలూ ఉన్నాయి. కానీ ఇది సరైందీ కానిదీ తేల్చే ప్రశ్న కాదు. నా భాషలో భాగించడమంటే ఏమిటి అన్న ప్రశ్న. చేత్తో రాసినదాన్ని అలాగే ఉంచి, రెండోదాన్ని మార్పించాను. భాష వర్ణన రాసుకుంటున్న కాగితంలో ఒక సూత్రం చేర్చాను: భాజకం ధనసంఖ్య అయితే శేషం ఎప్పుడూ రుణసంఖ్య కాదు. మిగతా సూత్రాలు ఇంకా చాలా రాయాల్సి ఉంది.